ఉప్పు వేయగానే లేజర్ గీత వెలిగిపోయింది: బంగారు నానో కణాల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పెన్నా ఒడ్డు
అందరికీ నమస్తే. నేను నెల్లూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టులో భాగంగా బంగారు నానో కణాలు తయారుచేస్తున్నాను. నిన్న సాయంత్రం ల్యాబ్‌లో ఒకటి చూశాను. రాత్రంతా దాని గురించే ఆలోచన.

ముందు ఏం చేశానో చెప్తాను. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 10 మిల్లీగ్రాముల క్లోరోఆరిక్ ఆమ్లం కరిగించి మరిగించాను. బాగా తెర్లుతున్నప్పుడు 1 శాతం సోడియం సిట్రేట్ ద్రావణం మూడున్నర మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోశాను. లేత పసుపు రంగు పోయి మామూలు నీళ్ళలా అయింది. నిమిషంలో బూడిద రంగు, ఆ తర్వాత సిరా నలుపు, ఊదా, చివరికి దానిమ్మ రసంలాంటి ఎరుపు. ఈ పద్ధతిలో కణాలు దాదాపు 15 నానోమీటర్లు వస్తాయని పుస్తకాల్లో ఉంది.

కొల్లాయిడ్ (కరిగిపోకుండా సన్నటి కణాలు తేలుతున్న ద్రవం) అవునో కాదో చూద్దామని చిన్న గాజు సీసాలో పోసి, ఎర్ర లేజర్ పాయింటర్ (650 నానోమీటర్లు) పక్కనుంచి వేశాను. గీత ఉంది గానీ సన్నటి దారంలా ఉంది. లైట్లన్నీ ఆర్పితేగానీ కనపడలేదు. తర్వాత అదే సీసాలో ఉప్పునీళ్ళు నాలుగు చుక్కలు వేశాను. క్షణాల్లో ఎరుపు ఊదాగా, ఊదా నీలంగా మారిపోయింది. ఇంతవరకు తెలిసిందే. మళ్ళీ లేజర్ వేస్తే మాత్రం గీత ట్యూబ్‌లైట్‌లా వెలిగింది! గదిలో లైట్లు ఉన్నా స్పష్టంగా కనపడింది. అవతల గోడ మీద పడే చుక్క మాత్రం మసకబారింది.

సీసాలో ఉన్న బంగారం అంతే. నీళ్ళు అంతే. కణాలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి, అంతే కదా. మరి అంత వెలుగు ఎందుకు పెరిగింది?

సింగరాయకొండ ల్యాబ్
తల్లీ, ముందు ఒక అనుమానం తీర్చుకో. ఉప్పు సరిగ్గా కరగకపోయినా, ఉప్పునీళ్ళలో దుమ్ము ఉన్నా గీత అలాగే వెలుగుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, సగం వింతలు దుమ్ము వల్లే వస్తాయి. బంగారం లేకుండా ఉత్త ఉప్పునీళ్ళ సీసా పెట్టి చూశావా? ఉప్పు బదులు చక్కెర నీళ్ళు వేసి చూశావా?

పెన్నా ఒడ్డు
ఈరోజు పొద్దున రెండూ చేశాను సార్. వడగట్టిన ఉప్పునీళ్ళలో గీత దాదాపు లేదు. ఎర్ర ద్రావణంలో చక్కెర నీళ్ళు వేస్తే రంగు మారలేదు, గీత కూడా మారలేదు. ఉప్పు వేసిన బంగారంలో మాత్రమే వెలుగుతోంది.

ఒంగోలు ఫిజిక్స్
చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయ్యాను. ఇలా సీసా ముందు కూర్చుని తనంతట తాను ప్రశ్న అడిగిన పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఓపిగ్గా చదువు, కాస్త పొడుగు చెప్తాను.

ముందు మంచు సంగతి తీసుకో. జనవరి తెల్లవారుజామున హైవే మీద ఎదురుగా వచ్చే లారీ కూడా కనపడదు. ముందురోజు సాయంత్రం కూడా గాలిలో నీళ్ళు ఉన్నాయి, ఆవిరి రూపంలో. అప్పుడు గాలి తేటగానే ఉంది. రాత్రి చల్లబడి ఆ ఆవిరి అణువులే బొట్లుగా చేరగానే తెల్లటి గోడ అయిపోయింది. ఎక్కడా కొత్త నీళ్ళు రాలేదు. నీ సీసాలో జరిగింది కూడా మొదట ఇదే.

ఇలా ఎందుకంటే, కాంతి అంటే తరంగం. అది తగిలినప్పుడు కణంలోని ఎలక్ట్రాన్లు ఊగుతాయి, ఊగుతూ అన్ని వైపులకూ కాంతిని వెదజల్లుతాయి. దీన్నే పరిక్షేపణం అంటాం. కణాలు దూరదూరంగా ఉంటే ఒక్కోదాని నుంచి వచ్చే తరంగం ఒక్కో తీరున ఉంటుంది, వాటికి పొత్తు కుదరదు. పది కణాలకు పది వంతుల వెలుగు. ఆ పదీ కాంతి తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న ముద్దగా చేరితే, పదింటి ఎలక్ట్రాన్లూ ఒకేసారి అటు, ఒకేసారి ఇటు ఊగుతాయి. తరంగం ఎత్తు పది రెట్లవుతుంది. వెలుగు ఆ ఎత్తుకు వర్గం కాబట్టి నూరు రెట్లు. పది కణాలకు నూరు వంతులంటే కణానికి పదేసి వంతులు.

మన తీరంలో అలివి వల లాగడం చూసే ఉంటావు. ఒడ్డున అటు ఇరవైమంది, ఇటు ఇరవైమంది తాడు పట్టుకుంటారు. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లాగితే వల కదలదు. పాట అందుకుని అందరూ ఒక్క ఊపున లాగితే అంత బరువూ ఒడ్డుకు వస్తుంది. మనుషులు వాళ్ళే, తాడు అదే.

ఒక్క కణమే పెద్దదైనా ఇదే లెక్క. చిన్న కణాల్లో పరిక్షేపణం వ్యాసార్ధానికి ఆరో ఘాతంతో పెరుగుతుంది, శోషణ (కాంతిని మింగడం) మూడో ఘాతంతో. కణం రెండింతలైతే శోషణ 8 రెట్లు, పరిక్షేపణం 64 రెట్లు. 20 నానోమీటర్ల బంగారు కణం కాంతిని దాదాపు మింగేస్తుంది, వెదజల్లేది బహు తక్కువ. 80 దగ్గరికి వచ్చేసరికి వెదజల్లడం, మింగడం దాదాపు సమానమవుతాయి.

ఒక జాగ్రత్త. ముద్ద తరంగదైర్ఘ్యమంత పెద్దదైతే ఈ వర్గం లెక్క చెల్లదు. ఉప్పు వేసి గంటసేపు వదిలేస్తే నీ ముద్దలు ఆ హద్దు దాటేసి అడుక్కి దిగిపోతాయి.

విడవలూరు రొయ్య
సార్, నేను రొయ్యల చెరువులు చేసేవాడిని, ఇంటర్ దాకా చదివాను. మీరు చెప్పింది అర్థమయింది. కానీ ఆ నూరు వంతుల వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? ఊరికే పుట్టదు కదా.

ఒంగోలు ఫిజిక్స్
నాయనా, జవాబు ఆ అమ్మాయి మొదటి పోస్టులోనే ఉంది. గోడ మీద చుక్క మసకబారింది అని రాసింది చూడు. నేరుగా పోవాల్సిన వెలుగే పక్కలకు మళ్ళింది.

చీమకుర్తి రాయి
మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలు మెరుస్తాయి కదా, అది కూడా ఇదేనా? కొనేవాళ్ళు చాలామంది అందులో బంగారం ఉందా అని అడుగుతుంటారు.

ఉదయగిరి కుర్రోడు
కాదన్నా. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, బంగారం కాదు. అందులోని సన్నటి పొరల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల మెరుస్తుంది. పలకను కొద్దిగా వంచితే ఒక చుక్క ఆరిపోయి ఇంకో చుక్క వెలుగుతుంది చూడండి. నానో కణాల్లో అలా ఉండదు.

నేను ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేస్తున్నాను, బెంగళూరులో ఉంటాను. సార్ చెప్పినదానికి ఇంకొకటి కలపాలి. మంచు బొట్లు చేరినప్పుడు తెల్లగా అయ్యాయి, అంతే. బంగారం మాత్రం రంగే మారింది. అంటే పరిమాణం ఒక్కటే కారణం కాదు.

బంగారు కణంలో ఎలక్ట్రాన్ల మేఘం ఉంటుంది. కాంతి దాన్ని ఒకవైపు నెడితే, వెనక మిగిలిన ధనావేశం దాన్ని తిరిగి లాగుతుంది. ఉయ్యాలకు ఉన్నట్టే దీనికీ సొంత ఊపు ఒకటి ఉంటుంది. 15, 20 నానోమీటర్ల బంగారానికి నీళ్ళలో ఆ ఊపు దాదాపు 520 నానోమీటర్ల పచ్చ కాంతికి సరిపోతుంది. అందుకే పచ్చను మింగుతుంది, మిగిలింది మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. దీన్ని ప్లాస్మాన్ అనునాదం అంటారు. 1908లో గుస్తావ్ మీ ఈ రంగులను లెక్కగట్టి చూపించాడు.

ఇప్పుడు రెండు కణాలను పక్కపక్కన పెట్టండి. వాటిని కలిపే గీత వెంబడి కాంతి ఊపితే, ఒక కణం చివర ఋణావేశం చేరినప్పుడు ఎదురుగా రెండో కణం చివర ధనావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. దాంతో మేఘాన్ని వెనక్కి లాగే పట్టు కాస్త సడలుతుంది. పట్టు సడలితే ఊపు నెమ్మదిస్తుంది. ఊపు నెమ్మదించిందంటే అనునాదం పచ్చ నుంచి పసుపు, నారింజ, ఎరుపు వైపు జరిగిందన్నమాట. ద్రావణం ఇప్పుడు ఎరుపును తీసుకోవడం మొదలుపెట్టింది, అందుకే నీలంగా కనపడింది.

పెన్నా ఒడ్డు గారూ, మీ లేజర్ 650. ఉప్పు వేయకముందు అది బంగారం ఊపుకు చాలా దూరంలో ఉంది, దాదాపు పట్టించుకోకుండా వెళ్ళిపోయింది. ఉప్పు వేశాక అనునాదమే నడుచుకుంటూ మీ లేజర్ దగ్గరికి వచ్చింది. సార్ చెప్పిన పొత్తు ఒకటి, ఈ అనునాదం రెండోది. రెండూ కలిసి పడ్డాయి కాబట్టే అంత వెలుగు. పచ్చ లేజర్ (532) వేసి చూడండి, తేడా ఇంతగా ఉండదు.

పెన్నా ఒడ్డు
అబ్బ, అనునాదమే లేజర్ దగ్గరికి నడిచి రావడం! ఇది చదివాక వెంటనే పచ్చ లేజర్ వేసి చూశాను. ఎర్ర ద్రావణంలో పచ్చ గీత నాలుగు సెంటీమీటర్లు పోయేసరికే నీరసపడింది, మింగేస్తోంది. ఉప్పు వేశాక గీత కొంచెం పెరిగింది గానీ ఎర్ర లేజర్‌లో వచ్చినంత కాదు.

ఒక డౌట్. ద్రావణం ఎర్రగా ఉంది కాబట్టి ఒక్కో కణం కూడా ఎర్రగా ఉంటుందా?

ఉదయగిరి కుర్రోడు
ఉండదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. దాటి వచ్చే వెలుగు వేరు, వెదజల్లే వెలుగు వేరు. 40, 50 నానోమీటర్ల కణాలను డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపులో చూస్తే నల్లటి తెర మీద పచ్చ చుక్కల్లా ఉంటాయి. రెండు మూడు జతకడితే ఆ చుక్క పసుపు, నారింజకు తిరుగుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో నాలుగో శతాబ్దపు రోమన్ గాజు గిన్నె ఉంది, లైకర్గస్ కప్పు అంటారు. బయటినుంచి వెలుగు పడితే పచ్చగా, లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. ఆ గాజులో వెండి, బంగారం కలిసిన నానో కణాలున్నాయి.

ఆచారి వీధి
పాపా, మాది ఆచారి వీధిలో బంగారం పని. మా నాన్న, తాత అందరూ ఇదే. ఇదంతా చదువుతుంటే చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. బంగారం శుద్ధి చేసేటప్పుడు రెండు యాసిడ్లు కలిపి కరిగిస్తాం కదా, ఆ పసుపు నీళ్ళు వేలి మీద పడితే అప్పటికి ఏమీ కనపడదు. మర్నాటికి ఆ చోట నేరేడు పండు తిన్నట్టు ఊదా మచ్చ. సబ్బుకు పోదు, చింతపండుకు పోదు. చర్మం ఊడి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. మా నాన్న కుడిచేతి బొటనవేలు నాకు ఎప్పుడూ ఊదాగానే గుర్తు. అది యాసిడ్ కాలిన మచ్చ అనుకునేవాణ్ణి. అది కూడా బంగారమేనా?

ఒంగోలు ఫిజిక్స్
అది బంగారమే బాబూ. చర్మం, వెలుతురు రెండూ కలిసి ఆ లవణాన్ని లోహంగా మార్చేశాయి. చర్మంలో చిక్కుకుని దగ్గరదగ్గరగా చేరిన నానో కణాలవి, అందుకే ఎరుపు కాకుండా ఊదా. మీ నాన్నగారు ఆ బొటనవేలి మీద ఇన్నాళ్ళూ బంగారం మోశారు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఈ అమ్మాయి చేసిన పనే 1857లో లండన్‌లో మైఖేల్ ఫారడే చేశాడు. మన దేశంలో సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏడాది. ఫాస్ఫరస్‌తో బంగారు లవణాన్ని మార్చి కెంపు రంగు ద్రవం చేశాడు. దాని గుండా వెలుగు పోనిచ్చి, లోపల వెలుగు దారి కనపడటం చూసి, ఇది కరిగిన బంగారం కాదు, మహా సన్నని బంగారు రేణువులు అన్నాడు. ఉప్పు వేస్తే నీలంగా మారడమూ గమనించాడు. ఆయన చేసిన సీసాలు కొన్ని లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అమ్మా, నీ సీసాను కూడా మూత గట్టిగా బిగించి, తేదీ రాసి దాచిపెట్టు.

విడవలూరు రొయ్య
పెద్దలందరికీ దండం. నాకు కావాల్సింది ఒకటుంది. వెనామీ రొయ్య వేసేవాళ్ళకు వైట్ స్పాట్ వైరస్ రోగం అంటే గుండె ఆగిపోతుంది. పైకి చూస్తే రొయ్య బాగానే ఉంటుంది, మేత తగ్గిందనుకునేలోపే చెరువంతా పోతుంది. పీసీఆర్ పరీక్షకు (వైరస్ డీఎన్ఏను పెంచి పట్టుకునేది) శాంపిల్ పట్టుకుని నెల్లూరు పోవాలి, రిపోర్ట్ వచ్చేదాకా టెన్షన్. పోయిన పంటలో రెండెకరాల చెరువు అలాగే పోయింది. ఎరుపు నీలంగా మారితే రోగం ఉన్నట్టు అని గట్టు మీదే చూసుకునే పరీక్ష ఈ బంగారంతో రాదా?

సింగరాయకొండ ల్యాబ్
బంగారంతో పరీక్షలు ఎప్పుడో వచ్చాయి తమ్ముడూ. గర్భం తెలుసుకునే స్ట్రిప్ మీద వచ్చే గులాబీ గీత, కోవిడ్ కిట్‌లో వచ్చిన గీత చాలావాటిలో బంగారు నానో కణాలదే. కానీ అక్కడ పని వేరు. కణాలకు యాంటీబాడీ తగిలించి ఉంటుంది. కావాల్సిన ప్రోటీన్ దొరికితే అవి గీత దగ్గర గుమిగూడతాయి, అందుకే గీత ఎర్రగా కనిపిస్తుంది. జతకట్టి రంగు మారడం ముఖ్యం కాదక్కడ. రోగం మరీ తొలిదశలో ఉంటే స్ట్రిప్‌కు అందకపోవచ్చు, పీసీఆర్‌కు అందుతుంది. అందుకే సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందు పీసీఆర్ మానొద్దు.

ఉదయగిరి కుర్రోడు
అన్నా, మీరు అడిగిన ఆలోచనకు బలమైన చరిత్రే ఉంది. 1996లో అమెరికాలో చాడ్ మిర్కిన్ బృందం 13 నానోమీటర్ల బంగారు కణాలకు డీఎన్ఏ పోగులు తగిలించింది. రెండు రకాల కణాలు, వాటి మీద రెండు రకాల పోగులు. ఆ రెండింటికీ సరిపడే మూడో డీఎన్ఏ పోగు ద్రావణంలో ఉంటే అది మధ్యలో వంతెనలా పట్టుకుంటుంది. కణాలు జతకడతాయి, ఎరుపు నీలమవుతుంది. వేడి చేస్తే పోగులు విడిపోయి మళ్ళీ ఎరుపు. ఉప్పుతో ముద్దయిన బంగారం ఇలా వెనక్కి రాదు. ఉప్పులో గోడకు గోడ ఆనుకుని అతుక్కుపోతాయి. డీఎన్ఏతో కట్టినప్పుడు మధ్యలో ఎడం మిగులుతుంది.

రంగు మార్పు కన్నా వెదజల్లే వెలుగును చూడటం ఇంకా పదునైన పద్ధతి. 2004లో స్టోర్హాఫ్, మ్యూలర్ బృందం గాజు పలక మీద చిన్న చుక్క వేసి, పలక అంచునుంచి వెలుగు పంపి, చుక్క వెదజల్లే రంగు చూసింది. విడి కణాలు పచ్చ, జతకట్టినవి నారింజ. మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా జన్యువును పీసీఆర్‌తో పెంచకుండానే అలా పట్టుకోగలిగారు. దీని కిటుకు సార్ చెప్పిన వర్గంలోనే ఉంది. జతకట్టినవి కొద్దిగానే ఉన్నా, విడివాటికన్నా ఎంతో ఎక్కువ వెదజల్లుతాయి, వేరే రంగులో వెదజల్లుతాయి. గుంపులో కొద్దిమంది పాట అందుకున్నా వినపడినట్టు.

2005లో ఇంకో అందమైన పని జరిగింది. అలివిసాటోస్, లిఫార్డ్ బృందం రెండే రెండు కణాలను డీఎన్ఏతో కట్టి, వాటి రంగును బట్టి మధ్య దూరాన్ని కొలిచింది. ప్లాస్మాన్ స్కేలు అన్నమాట. 70 నానోమీటర్ల దూరం దాకా కొలవవచ్చని చూపారు. ఎడం పెరిగేకొద్దీ రంగు జరగడం చాలా వేగంగా తగ్గిపోతుంది. 2007లో ప్రశాంత్ జైన్, ఎల్-సయెద్ దీనికి ఒక తేలిక లెక్క ఇచ్చారు. ఎడం కణం వ్యాసంలో దాదాపు ఐదో వంతు పెరిగిన ప్రతిసారీ ఆ ప్రభావం మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది.

పెన్నా ఒడ్డు
విడవలూరు అన్నా, మీ తమ్ముడు నిన్న ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ఇచ్చిన చెరువు నీళ్ళ సీసా అందింది. మీరు రాసింది చదివినప్పటి నుంచి మనసు పట్టలేదు, ఈరోజు రోజంతా దాంతోనే ఉన్నాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను.

రెండు మిల్లీలీటర్ల ఎర్ర ద్రావణంలో మీ నీళ్ళు అర మిల్లీలీటరు వేశాను. అర నిమిషంలో నీలం. ఎర్ర లేజర్ గీత ధగధగా వెలిగింది. కానీ అన్నా, సంతోషపడటానికి లేదు. సీసా మీద సెలైనిటీ 15 పీపీటీ (లీటరుకు దాదాపు 15 గ్రాముల ఉప్పు) అని రాసి ఉంది. ఆ ఉప్పు చాలు కణాలను కలిపేయడానికి. పైగా ఉప్పునీళ్ళలో మెగ్నీషియం, కాల్షియం ఉంటాయి, అవి సోడియం కన్నా చాలా బలంగా కలిపేస్తాయి. ఇంటర్‌లో చదివిన హార్డీ-షుల్జ్ నియమం ఇదే. రోగం లేని చెరువు నీళ్ళు వేసినా నీలమే వస్తుంది.

తర్వాత మార్కెట్‌లో కొన్న మంచి రొయ్య తల నలిపి, రసం వడగట్టి, ముందు అది రెండు చుక్కలు వేసి, ఆపైన మీ నీళ్ళు పోశాను. ఎర్రగానే ఉండిపోయింది! గీత మళ్ళీ సన్నటి దారమే. రొయ్య ప్రోటీన్లు కణాల చుట్టూ పొరలా పట్టి ఒకదాన్నొకటి ముట్టుకోనివ్వలేదు.

అప్పుడు మా డిగ్రీ పుస్తకంలోని గోల్డ్ నంబర్ గుర్తొచ్చింది. 10 మిల్లీలీటర్ల బంగారు ద్రావణంలో 10 శాతం ఉప్పునీళ్ళు ఒక మిల్లీలీటరు వేసినా రంగు మారకుండా కాపాడటానికి ఎన్ని మిల్లీగ్రాముల పదార్థం కావాలి అన్నదే ఆ సంఖ్య. జిగ్మాండీ ఇచ్చిన కొలత, ఆయనకు 1925 సంవత్సరపు నోబెల్ వచ్చింది. జెలటిన్‌కు 0.005 నుంచి 0.01, గంజిపిండికి 20 పైనే. పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ ఇది దేనికో తెలియదు. జెలటిన్ ఒక మిల్లీగ్రాము వేసి మళ్ళీ చేశాను. ఉప్పు పోసినా ఎరుపు ఎరుపుగానే ఉంది, లేజర్ గీత పెరగలేదు. అంటే వెలుగు పెరగడానికి ఉప్పు కారణం కాదు, కణాలు దగ్గరవడమే కారణం.

కాబట్టి అన్నా, ఉత్త బంగారు ద్రావణం పట్టుకుని గట్టు మీద పరీక్ష చేస్తే ఉప్పు వల్ల లేని రోగం ఉన్నట్టు, ప్రోటీన్ వల్ల ఉన్న రోగం లేనట్టు చూపిస్తుంది. మీకు మళ్ళీ చెరువు పోకూడదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఉదయగిరి కుర్రోడు
చాలా బాగా చేశారు. ఉప్పును తట్టుకునే పొర ముందే తొడిగి, దాని మీద వైట్ స్పాట్ వైరస్ డీఎన్ఏకు సరిపడే పోగులు తగిలించాలి. అప్పుడు జతకడితే అది వైరస్ వల్లే. సల్ఫర్ చివర ఉన్న పోగులు బంగారానికి గట్టిగా పట్టుకుంటాయి. అవి పట్టేటప్పుడు ఉప్పును ఒక్కసారిగా కాకుండా రోజంతా కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి, లేకపోతే మధ్యలోనే నీలమవుతుంది. పూర్తి పద్ధతి మీకు విడిగా పంపిస్తాను.

సింగరాయకొండ ల్యాబ్
పీసీఆర్‌లో పాజిటివ్, నెగెటివ్ అని తేలిన పాత శాంపిళ్ళు లేకుండా ఏ పరీక్షనూ నమ్మొద్దు తల్లీ. మీ గైడ్‌తో చెప్పి ముందు అవి సంపాదించు. గాజు సీసాలు సబ్బుతో కడగొద్దు, ఆ జిడ్డు కూడా కణాలను కాపాడేస్తుంది.

ఆచారి వీధి
పాపా, బంగారం కావాలంటే అడుగు. 10 మిల్లీగ్రాముల లవణంలో ఎంత బంగారం ఉంటుంది?

పెన్నా ఒడ్డు
దాదాపు సగం బాబాయ్, 5 మిల్లీగ్రాములు. లెక్కవేస్తే 15 నానోమీటర్ల కణాలు నూట యాభై లక్షల కోట్ల దాకా వస్తాయి.

ఆచారి వీధి
మా బల్ల మీద ఆకురాయి దులిపితే అంతకంటే ఎక్కువ రాలుతుంది. శుద్ధి చేసిన తునక ఒకటి కాగితంలో కట్టి పెడతాను, వచ్చి తీసుకెళ్ళు. డబ్బులు వద్దు. యాసిడ్ దగ్గర మాత్రం గ్లౌజులు వేసుకో.

విడవలూరు రొయ్య
చెల్లెమ్మా, నీలం వచ్చిందని చదవగానే ఒక్క క్షణం గుండె జారింది, తర్వాత కుదుటపడ్డాను. ఆదివారం మూడు చెరువుల నీళ్ళు, ఒక్కో చెరువు నుంచి పది రొయ్యలు ఐసులో పెట్టి నేనే తెస్తాను. అవే రొయ్యలు పీసీఆర్‌కు కూడా ఇస్తున్నాను, రిపోర్టులు నీకు పంపుతాను. ఒక చెరువు 8 పీపీటీ, ఒకటి 15, ఒకటి 22. ఎన్ని గంటలకు రమ్మంటావు?

పెన్నా ఒడ్డు
పదింటికి ల్యాబ్ తెరుస్తారు అన్నా. గాజు సీసాలు నేనే కడిగి ఆరబెట్టి ఉంచుతాను. మీరు రండి, లేజర్ మీ చేతికే ఇస్తాను.